కాశీలో వదిలిన పెరుగు

ఆళ్లగడ్డ బజారులో సోమశేఖర్ శెట్టి కిరాణా అంగడికి మంచి పేరుంది. గల్లా దగ్గర కూర్చునేది తనే కాబట్టి ఆ పేరు తనదేనని సోమశేఖర్ అనుకుంటాడు. అనుకోనీ. అసలు సంగతి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ పేరు తెచ్చింది అంగడి వెనక గదిలో కూర్చునే అతని భార్య ఉమామహేశ్వరమ్మ. కందిపప్పు మూట విప్పగానే ఒక గుప్పెడు తీసి, వేళ్ళ సందుల్లోంచి రాలుస్తూ, అది పాత సరుకో కొత్త సరుకో చెప్పేసేది. బొంబాయి రవ్వకు తేమ తగిలిందని, ఇంకో పది రోజుల్లో పురుగు పడుతుందని ముందే పసిగట్టేది. శెనగపప్పులో రాయి ఏరడానికి ఆమెకు కళ్ళతో పనుండేది కాదు. పక్కవాళ్ళతో మాట్లాడుతూనే వేళ్ళతో తడిమి తీసి అవతల పారేసేది. తర్వాత కిలో, అర కిలో కవర్లలో పోసి, వేడి కడ్డీ ఉండే సీలింగ్ మిషన్ మీద కవరు మూతి అంటించేది. శెట్టమ్మ చేతి పప్పు కావాలని రుద్రవరం నుంచి కూడా వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు.

2022 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ వేళ్ళల్లో ఒకటి కాలింది. కాలుతున్నట్టు ఆమెకు తెలియలేదు. కమురు వాసన వస్తే కవరు కాలిందేమోననుకుని మిషన్‌ను ఇంకా గట్టిగా అదిమింది. పెరట్లో అంట్లు తోముతున్న ఓబులమ్మకు ఆ వాసన తేడాగా అనిపించి, సబ్బు చేతులతోనే లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఏందిది! నీ వేలు కాల్తాంది, తియ్ చెయ్యి!"

ఉమామహేశ్వరమ్మ చెయ్యి తీసి చూసుకుంది. చూపుడు వేలి కొస తెల్లగా ఉబ్బిపోయి ఉంది. చర్మం కొంత కడ్డీకే అంటుకుపోయింది. నొప్పి లేదు. నొప్పి లేదని తెలిశాకే ఆమెకు భయం వేసింది.

కేక విని అత్తగారు లక్ష్మీనరసమ్మ వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, గుమ్మంలో నిటారుగా నిలబడి కోడలి వేలు చూసింది.

"పని మీద ధ్యాస ల్యాకపోతే వేలే కాదు, ఇల్లు గూడా కాలుతాది," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం సోమశేఖర్ కూడా చూశాడు. ఇంత కాలినా తెలియలేదంటే ఎలా నమ్మేది అన్నాడు. పనికి ఎగనామం పెట్టడానికి వేలు కాల్చుకునే మనిషిని అతను ఎక్కడ చూశాడో మనకు తెలియదు.

అసలిది ఆ రోజు మొదలైంది కాదు. అంతకు ముందు ఏడాది, కరోనా రెండోసారి వచ్చి పోయాక, ఆమె ఒంట్లో ఓపిక అనేది లేకుండా పోయింది. తెల్లారి లేచేసరికే రాత్రంతా బస్తాలు మోసినట్టు ఉండేది. మెట్లెక్కితే సగంలో కూర్చుండిపోయేది. అరికాళ్ళలో జోము పట్టేది. కాలు మడుచుకుని కూర్చుంటే అందరికీ జోము పడుతుంది, రెండడుగులు వేస్తే పోతుంది. ఈమెకు పోయేది కాదు. పాదాల నుంచి మడమలకు, మడమల నుంచి పిక్కలకు పాకింది. ఒకరోజు కాలి చెప్పు జారిపోయినా తెలియక, ఒంటి చెప్పుతో బజారు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. చూసినవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది.

"కాళ్ళు నావి కాదన్నట్టుండాయండీ. పాదం నేల మీద ఆనిందో ల్యాదో చూసుకుంటే గానీ తెలీడంల్యా," అని మొగుడితో చెప్పింది.

"ఒకే చోట కూచుంటే అట్లే అయితాది. రోంత నడువు," అన్నాడు సోమశేఖర్.

నడిస్తే పడేది. పడితే చూసుకుని నడవమనేవాడు. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్ళు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో తలనొప్పని కూడా పడుకున్నది లేదు. అలాంటి మనిషి కూర్చుంటే లేవలేకపోతోందంటే ఏదో ఉందని ఇంట్లో ఒక్కరికైనా తోచాలి కదా. తోచలేదు. పని తప్పించుకోవడానికి నాటకాలాడుతోందని లక్ష్మీనరసమ్మ తేల్చేసింది. తల్లి తేల్చాక సోమశేఖర్ మళ్ళీ తేల్చే పని పెట్టుకోడు.

అలాగని ఆస్పత్రులకు తిప్పలేదని అనకూడదు. తిప్పాడు. మొదట ఊళ్ళోనే ఉన్న ఆర్‌ఎంపీ వెంకటేష్ దగ్గరికి తీసుకుపోయాడు. అతను కరోనా తెచ్చిన నీరసమని చెప్పి, వారానికొకటి చొప్పున ఎర్ర రంగు సూదులు నాలుగు వేశాడు. ఆ నెల ఆమె కాస్త తేరుకుంది. మెట్లెక్కగలిగింది. బాగైనందుకు సంతోషించాల్సింది పోయి లక్ష్మీనరసమ్మ దాన్నే పట్టుకుంది.

"నాలుగు సూదులకే పాయనంటే అది రోగమెట్లయితాది? మనసులో ఉండే బద్దకం," అంది.

తర్వాత నంద్యాలలో ఒక పెద్ద డాక్టరు. ఆయన ఆ సూదుల సంగతి వినగానే మండిపడ్డాడు. ఎవరు పడితే వాళ్ళు వేసే సూదులు వేయించుకోవద్దని అక్కడికక్కడే మాన్పించాడు. రక్తం తక్కువగా ఉందని రక్తం పట్టే మాత్రలు రాశాడు. కడుపులో మంట అని ఆమె మాటవరసకు అంటే, రోజూ పరగడుపున ఒక గ్యాస్ మాత్ర కూడా రాశాడు. నాలుగు నెలలకు రక్తం పదకొండుకు పెరిగిందని కాగితం వచ్చింది. సోమశేఖర్ ఆ కాగితాన్ని అంగడికి వచ్చినవాళ్ళకు కూడా చూపించాడు. ఆమె కాళ్ళు మాత్రం కాగితం చదవలేదు, మునుపటి కంటే అన్యాయంగా తయారయ్యాయి.

ఆ తర్వాత కర్నూలులో నరాల డాక్టరు. తలకు స్కానింగ్ తీయించమన్నాడు. రిపోర్టు కోసం హాల్లో కూర్చున్న ఆ రెండు గంటలు ఉమామహేశ్వరమ్మ దేవుణ్ణి ఏం కోరుకుందో ఎవరికీ చెప్పలేదు. తలలో ఏదో ఒకటి కనబడాలని కోరుకుంది. గడ్డయినా సరే, చావొచ్చేదైనా సరే, ఏదో ఒక పేరున్న జబ్బు ఉందని ఒక్క డాక్టరు నోటి నుంచి రావాలి. తను అబద్ధమాడలేదని ఇంట్లో వాళ్ళు తెలుసుకోవాలి. అప్పటికి ఆమెకు కావలసింది అదొక్కటే. బాగవడం సంగతి ఆ తర్వాత.

రిపోర్టు నార్మల్ అని వచ్చింది. ఆళ్లగడ్డలో బస్సు దిగాక సోమశేఖర్, "అంత పెద్ద మిషను ఏమీ ల్యాదంటాంది. ఇంక నువ్వేమంటావో చెప్పు," అన్నాడు.

ప్రొద్దుటూరులో కాపురముంటున్న కూతురు శ్రీవాణి ఫోన్ చేసి, రోజూ పొద్దున యోగా చెయ్యమ్మా అంది. నిలబడి కళ్ళు మూసుకుంటే పడిపోతున్న మనిషికి యోగా. ఆఖరికి మనసు డాక్టరు దగ్గరికి కూడా పోయారు. ఆయన మంచివాడే. ఇంట్లో ఏం బాధ ఉందో చెప్పుకోమన్నాడు. కాళ్ళల్లో జోమని చెప్పింది. అది కాక ఇంకేం బాధ ఉందని అడిగాడు. నిద్రమాత్రలు రాసిచ్చాడు. దానితో ఊళ్ళో కొత్త మాట పుట్టింది, శెట్టమ్మకు తల బాగాలేదని.

ఈ మూడేళ్ళలో ఆమె మాటకు ఒక్కసారి విలువ వచ్చింది. అది కూడా చెప్పుకోవాలి. దసరాకు అమ్మవారిశాలలో హారతి ఇస్తుంటే, అందరిలాగే చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. మూసుకోగానే కింద నేల ఉందో లేదో తెలియకుండా పోయింది. ఒళ్ళు ముందుకు వెనక్కు ఊగి, పక్కనున్న ఇద్దరి మీద పడింది. గుడి గుడంతా గొల్లుమంది, అమ్మవారు పూనిందని. పసుపు నీళ్ళు పోశారు, చేతిలో నిమ్మకాయ పెట్టారు. లక్ష్మీనరసమ్మ, ఆ లక్ష్మీనరసమ్మే, కోడలి ముందు మోకరిల్లింది.

"తల్లీ, నీకేం కావాల? చెప్పు తల్లీ," అంది.

"నా కాళ్ళు నాకు తెలీడంల్యా. ఎవరూ నమ్మడంల్యా," అంది ఉమామహేశ్వరమ్మ, కింద పడినచోటే కూర్చుని.

పెద్దవాళ్ళు కూడి ఆలోచించారు. అమ్మవారి విగ్రహం కాళ్ళకు వెండి కడియాలు లేవు కాబట్టి ఆ మాట అందని అర్థం చేసుకున్నారు. దీపావళి లోపల కడియాలు చేయించి తొడిగారు. అందరూ ఎంతో తృప్తి పడ్డారు.

ఆమెను నమ్మింది ఓబులమ్మ ఒక్కతే. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో అంట్లు తోముతోంది. ఆమె టీ తాగే గ్లాసు ఇప్పటికీ పెరటి గోడ మీదే ఉంటుంది, లోపలికి రాదు. కాలిన వేలు కళ్ళారా చూసింది కాబట్టి ఆమెకు వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. 2024 వానాకాలంలో ఉమామహేశ్వరమ్మ గోడ పట్టుకోకుండా బాత్రూముకు కూడా పోలేని స్థితికి వచ్చాక, ఓబులమ్మ ఒకరోజు చీపురు పక్కన పెట్టేసి ఎదురుగా కూర్చుంది.

"మా సంఘంలో ఇమ్మానుయేలు సారు ఉండ్ల్యా, రుద్రవరం బళ్ళో చెప్తాండె, ఆయప్ప కొడుకు క్రాంతి కుమార్ నంద్యాలలో నరాల ఆస్పత్రి పెట్టినాడమ్మా. మా చెల్లెలికి మూర్ఛొస్తే ఆ పిల్లోడే బాగు చేసినాడు. పోదాం రా."

"ఆయన ఇంక ఆస్పత్రికి తీసకపోనన్నాడే."

"ఆయప్పతో పనేంది? నేను పట్టుకుంటా. బస్సెక్కుదాం."

సోమశేఖర్ ఏదో పెళ్ళికి బనగానపల్లె పోయిన రోజు చూసుకుని ఇద్దరూ నంద్యాల బస్సెక్కారు. ఓబులమ్మ ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి ఎక్కించింది. అంత దగ్గరగా ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

క్రాంతి కుమార్‌కు ముప్పై ఐదేళ్ళుంటాయేమో. మూడేళ్ళ కాగితాల కట్టను ఆమె బల్ల మీద పెడితే, విప్పకుండా పక్కకు జరిపాడు. మంచం మీద పడుకోబెట్టి, రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి మోగించి, దాన్ని ఆమె కాలి బొటనవేలి మీద ఆనించాడు.

"గుయ్యిమంటాందా అమ్మా?"

"ఏం మోగించినావు నాయనా? ఏమీ తెలీల్యా."

మడమ మీద పెట్టాడు, మోకాలి మీద పెట్టాడు. మోకాలి దగ్గర ఏదో ఉన్నట్టు తోచింది. రొమ్ము ఎముక మీద పెడితే బాగా తెలిసింది. తర్వాత లేపి, కాళ్ళు దగ్గర పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమన్నాడు. పడతానని ఆమె చెప్పింది. పడితే పట్టుకుంటామన్నాడు. పడింది. అతనూ ఓబులమ్మా ఇద్దరూ పట్టుకున్నారు. కుర్చీలో కూర్చోబెట్టాక అతను ఒక ప్రశ్న అడిగాడు. మూడేళ్ళలో, నాలుగు ఆస్పత్రుల్లో ఎవరూ అడగని ప్రశ్న అది.

"నిన్న పొద్దున్నుంచీ ఏమేం తిన్నారమ్మా?"

ఆమెకు వింతగా అనిపించింది. అయినా గుర్తు చేసుకుని చెప్పింది. పొద్దున ఉగ్గాని. మధ్యాహ్నం పప్పు, చారు, అన్నం. రాత్రి జొన్నరొట్టె, శెనక్కాయల పొడి.

"పెరుగు?"

"తినను నాయనా."

"మజ్జిగ?"

"తాగను."

"పాలు, టీ?"

"అవీ లేవు. ఉత్త కాఫీ డికాషన్ తాగుతా."

"ఎందుకమ్మా? పడవా?"

"పడకేం. కాశీలో విడిచిపెట్టినా. ఏడేండ్లాయ."

క్రాంతి కుమార్ పెన్ను కింద పెట్టాడు. మళ్ళీ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది.

2017 కార్తీకంలో నంద్యాల నుంచి నలభై మంది వైశ్యులు కలిసి కాశీకి పోయారు. కాశీకి పోతే ఇష్టమైన కాయో పండో అక్కడ విడిచిపెట్టి రావాలి, మళ్ళీ బతికినంత కాలం తినకూడదు. తెలివైనవాళ్ళు ఏం విడవాలో రైలెక్కక ముందే ఆలోచించుకుని పెట్టుకుంటారు. లక్ష్మీనరసమ్మ పొట్లకాయ విడిచింది. పొట్లకాయ వాసనంటేనే ఆమెకు కడుపులో తిప్పుతుంది, పెళ్ళయినప్పటి నుంచి ముట్టుకున్నది లేదు. సోమశేఖర్ వెలగపండు విడిచాడు. ఏడాదికోసారి వినాయకుడి ముందు పెట్టడానికి తప్ప ఆ పండు వాళ్ళింటికి రానే రాదు. ఉమామహేశ్వరమ్మకు ఈ తెలివి లేదు. గట్టు మీది పంతులు, నీకు అన్నిటికంటే ఇష్టమైనది తల్చుకో తల్లీ అంటే, నిజంగానే తల్చుకుంది. ఆమె పుట్టిల్లు బనగానపల్లె. మామిడికాయల కాలంలో పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుని తింటే ఆమెకు ఇంకేమీ అక్కరలేదు. పెరుగు విడుస్తున్నానని గంగలో మూడు మునకలు వేసింది.

ఇంటికొచ్చాక అత్తగారు ఆ మొక్కును ఇంకా పెంచింది. పెరుగు ఎక్కడ నుంచి వస్తుంది, పాలల్లో నుంచే కదా, మరి పాలు తాగితే మొక్కు తప్పినట్టు కాదా అంది. పాలు పోయాయి, మజ్జిగ పోయింది, నెయ్యి పోయింది. పెళ్ళిళ్ళలో నలుగురి ముందు లక్ష్మీనరసమ్మ, మా కోడలు కాశీలో పాడి మొత్తం విడిచిందని గొప్పగా చెప్పేది. కోడలి గురించి ఆమె నోటి నుంచి వచ్చిన మంచి మాట అదొక్కటే. అందుకే ఉమామహేశ్వరమ్మ ఆ మాటను కళ్ళకద్దుకుని కాపాడుకుంది.

క్రాంతి కుమార్ అంతా విని, నెమ్మదిగా చెప్పాడు. నరాలకు కావలసిన విటమిన్ ఒకటుంది. మాంసం, గుడ్లు తినేవాళ్ళకు వాటిల్లో దొరుకుతుంది. అవి ముట్టని ఇంట్లో వాళ్ళకు మిగిలిన దారి పాలు, పెరుగు. ఆ దారి మూసేశాక, ఒంట్లో దాచుకున్నది నాలుగేళ్ళు వచ్చింది, తర్వాత అయిపోయింది. పరగడుపున రోజూ మింగిన గ్యాస్ మాత్ర ఏదో కాస్త ఉన్నదాన్ని కూడా ఒంటికి పట్టనివ్వలేదు. రక్తం మాత్రలు రక్తాన్ని బాగు చేసి చూపించాయి, వెనకాల వెన్నుపాములో నరాలు చెడిపోతూనే ఉన్నాయి. తలకు స్కానింగ్ తీస్తే వెన్నులో ఉన్నది కనబడదు.

"మరి మా ఊర్లో ఎర్ర సూది వేస్తే రోంత బాగైంటి నాయనా."

"దాంట్లో ఉండేది అదేనమ్మా. ఆయప్ప తెలిసి వేసినాడో తెలీక వేసినాడో, సరైన సూదే వేసినాడు."

రక్తం తీసి పంపించాడు. సాయంత్రానికి కాగితం వచ్చింది. ఆ విటమిన్ ఉండాల్సిన దాంట్లో నాలుగో వంతు కూడా లేదు.

"మీకు జబ్బు ఉందమ్మా. నిజంగానే ఉంది. మీరు చెప్పిందంతా నిజమే," అన్నాడు.

"ఇంకోసారి చెప్పు నాయనా," అంది.

అతను ఇంకోసారి చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చింది. ఓబులమ్మ కూడా ఏడ్చింది. వారం తర్వాత మీ ఆయనను తీసుకురమ్మని చెప్పి, మొదటి సూది వేయించి పంపాడు.

సోమశేఖర్ వచ్చాడు. చెప్పకుండా పోయినందుకు మూడు రోజులు అలిగి, నాలుగో రోజు ఒప్పుకుని వచ్చాడు. డాక్టరు చెప్పిందంతా కుర్చీ అంచున కూర్చుని విన్నాడు.

"ఓస్, విటమినేనా! దీనికేనా ఇంత కథ!" అన్నాడు, మొహం వెలిగిపోతూ.

"చిన్న విటమినే అన్నా. చేసిన నష్టం చిన్నది కాదు. రెండేండ్ల ముందు తెచ్చుంటే ఈమె మామూలుగా నడిచేది. చేతుల్లో స్పర్శ మళ్ళీ వస్తాదని నమ్మకముంది. కాళ్ళు ఎంతవరకు వస్తాయో నేను చెప్పలేను. నీరసం పోతాది. ఈ జబ్బులో చిరాకు, కోపం, రోంత మతిమరుపు కూడా ఉంటాయి, అవి గూడా తగ్గుతాయి. ఓపికగా చూసుకోవాల. పెరుగు తినిపించండి."

ఇన్ని మాటల్లో ఏ మాట ఎవరికి అవసరమో ఆ మాట వాళ్ళు తీసుకుపోతారు. సోమశేఖర్ ఏది తీసుకుపోయాడో ఆ రోజు తెలియలేదు.

తిరుగు బస్సులో ఉమామహేశ్వరమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత పట్టుకుంది.

"ఏమండీ, నాకొకటే కావాల. ఇంటికి పోయినాక అత్తకు చెప్పండి. నాటకాలు కాదు, నిజంగానే జబ్బంట, మనమే నమ్మల్యా అని. మీ నోటితో చెప్పండి. నేను చెప్తే ఆమె వినదు."

"చెప్తాలే," అన్నాడు.

ఇల్లు చేరేసరికి లక్ష్మీనరసమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. ఏమన్నాడని కొడుకును అడిగింది. సోమశేఖర్ చెప్పులు విడుస్తూ, "ఏమీ ల్యాదంట మా. ఏందో విటమిన్ తక్కువంట. సూదులు వేసుకుంటే పోతాదంట," అన్నాడు.

"నేను ముందే చెప్పల్యా," అంది లక్ష్మీనరసమ్మ.

ఉమామహేశ్వరమ్మ మొగుడి మొహం చూసింది. అతను కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. తర్వాత చెబుతాడేమోనని ఆ రోజు ఎదురు చూసింది, ఆ వారం ఎదురు చూసింది. గుర్తు చేస్తే, బాగవుతున్నావు కదా, ఇప్పుడవన్నీ ఎందుకు అన్నాడు.

పెరుగు దగ్గర పెద్ద గొడవే అయింది. కాశీలో విడిచింది ఇంట్లో ముట్టుకుంటే వంశానికే మంచిది కాదని లక్ష్మీనరసమ్మ పెరుగు గిన్నెను తన గదిలో పెట్టుకుంది. ఉమామహేశ్వరమ్మ ఓబులమ్మ చేత పాకెట్ పెరుగు తెప్పించుకుని, వంటింట్లో అందరి ముందు అన్నంలో కలుపుకుని తింది. ఏడేళ్ళ తర్వాత నోట్లో పెట్టుకున్న పెరుగు ఆమెకు రుచించలేదు. అయినా కంచం ఖాళీ చేసి లేచింది. ఆ రోజు నుంచి అత్తగారు కోడలు వండింది తినడం మానేసింది.

సూదులు పని చేశాయి. మూడు నెలలకు నీరసం పోయింది. ఏడు నెలలకు వేళ్ళల్లో స్పర్శ వచ్చింది, వెనక గదిలో మళ్ళీ పప్పు ఏరడం మొదలుపెట్టింది. కాళ్ళు మాత్రం అక్కడే ఆగిపోయాయి. ఏదో ఒకటి పట్టుకుంటేనే నిలబడగలదు. ఇంక ఇంతేనమ్మా అని క్రాంతి కుమార్ తల వంచుకుని చెప్పాడు. మొక్కు తప్పినందుకే కాళ్ళు రాలేదని లక్ష్మీనరసమ్మ బజారంతా చెప్పింది.

నిరుడు శ్రావణమాసంలో నంద్యాల నుంచి రంగనాయకమ్మ వచ్చింది. వైశ్య కుటుంబాల్లో పెద్ద మనిషి, ఆమె మాటంటే అందరికీ గౌరవం. పేరంటానికి వచ్చినావిడ, శెట్టమ్మను పలకరించిపోదామని అంగడి ముందు ఆగింది. సోమశేఖర్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మూడేండ్లు ఆస్పత్రుల చుట్టూ తిప్పినావంట గదా సోమూ. ఇంకొకడైతే పుట్టింట్లో దించొచ్చేవాడు. నీ ఓపికకు దండం పెట్టాల," అంది.

"ఏం చేస్తాం పెద్దమ్మా, నా కర్మ. చూసుకోక యాడికి పోతాం," అన్నాడు సోమశేఖర్, తల పక్కకు వాల్చి.

వెనక గదిలో ఉమామహేశ్వరమ్మకు ఇదంతా వినబడింది. చేతిలో ఉన్న చేట కింద పెట్టింది. బస్తాలు పట్టుకుని, గోడ పట్టుకుని, ఒక్కో అడుగే చూసుకుంటూ అంగడిలోకి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏమండీ, పెద్దమ్మకు ఉన్నది చెప్పండి. నన్ను నంద్యాలకు తీసకపోయింది ఎవరు? ఓబులమ్మ. నాటకాలాడతాండానని ఈ ఇంట్లో నన్ను అనని దినముందా? వేలు కాలితే మీరేమంటిరి? ఆ డాక్టరు రెండేండ్ల ముందు తెచ్చుంటే నడుస్తాండె అన్న మాట పెద్దమ్మకు చెప్పండి. ఒక్కసారి చెప్పండి."

ఆమె గొంతు పెద్దదైంది. బజారులో పోతున్నవాళ్ళు ఇద్దరు ఆగి చూశారు. ఇన్నేళ్ళు దాచుకున్నది ఒక్కసారిగా వస్తే చిన్నగా రాదు కదా.

సోమశేఖర్ కసరుకుని ఉంటే బాగుండేది. అతను కసరుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి, ఎంతో దయగా రంగనాయకమ్మతో చెప్పాడు.

"చూస్తిరా పెద్దమ్మా. డాక్టరు నాకు ముందే చెప్పినాడు. ఈ నరాల జబ్బుకు కోపమొస్తాదంట, మతి గూడా సరిగా ఉండదంట. ఉండేవి ల్యానివి కలిపి మాట్లాడతాది. మనమే ఓపిక పట్టాల."

"అట్లనా," అంది రంగనాయకమ్మ. ఉమామహేశ్వరమ్మ వైపు జాలిగా చూసింది. "పాపం, జబ్బు మనిషిని ఏమంటాం. పోయి పండుకో తల్లీ."

జబ్బు లేదని ఇన్నాళ్ళూ ఆమె మాట నమ్మలేదు. ఇప్పుడు జబ్బు ఉంది కాబట్టే ఆమె మాట నమ్మరు. జవాబు చెప్పడానికి ఉమామహేశ్వరమ్మ నోరు తెరిచింది. గట్టిగా అంటే కోపం జబ్బు వల్లంటారు, ఏడిస్తే మతి లేదంటారు. నోరు మూసుకుంది. లోపలికి పోవాలంటే గుమ్మం వదలాలి, వదిలితే వాళ్ళ ముందు పడిపోతుంది. అందుకని రంగనాయకమ్మ కాఫీ తాగి, సోమశేఖర్‌ను ఇంకోసారి మెచ్చుకుని, లేచి వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడి ఉంది.